గల్లీ మొగదల 38 అంతస్తులు: ఎత్తు సంగతి తర్వాత, ముందు రోడ్డు సంగతి చెప్పండి

గల్లీ_నడక
ఆదివారం ఉదయం 8:12

హైదరాబాద్ నారాయణగూడ మెట్రో స్టేషన్ నుంచి ఏడెనిమిది నిమిషాల నడకలో, మా గల్లీ మొగదల ఒక పాత బంగళా ఉండేది. ముందు రెండు చింతచెట్లు, వెనక బావి. ఎండాకాలం సెలవుల్లో దాని గోడెక్కి చింతకాయలు దులిపిన తరం మాది. నెల కిందట బంగళా పడగొట్టారు. నిన్న చుట్టూ నీలం రేకులు పాతి, వాటి మీద బొమ్మ అతికించారు. మూడు సెల్లార్లు, పైన ఐదంతస్తుల పార్కింగ్, ఆపైన 38 అంతస్తుల ఇళ్లు. స్థలం ఎకరం కంటే కాస్త ఎక్కువ.

బొమ్మలో మా రోడ్డు ఉంది. మా రోడ్డులా మాత్రం లేదు. నున్నటి ఫుట్‌పాత్, వరసగా ఈతచెట్ల లాంటివేవో చెట్లు, టోపీ పెట్టుకున్న ఒకావిడ కుక్కను తిప్పుతోంది. నిజానికి సరిగ్గా అక్కడే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని పక్కన అల్లం చాయ్ బండి, ఆ పక్కన చెప్పులు కుట్టే తాత. ముగ్గురినీ బొమ్మలోంచి తుడిచేశారు.

ఎత్తు మీద నాకు పేచీ లేదు. నేను అడిగేది ఒకటే. ఇంత పెద్దది వచ్చి కూర్చున్నాక చుట్టూ రోడ్డు ఎట్లా ఉండాలి, గేటు ఎటు పెట్టాలి, ఫుట్‌పాత్ ఎంత ఉండాలి అన్నది ఎవరు తేలుస్తారు? బిల్డరా, జీహెచ్‌ఎంసీయా, ఎవరూ కాదా?

స్క్వేర్_యార్డ్
ఆదివారం ఉదయం 8:40

అన్నా, మీ గల్లీలో గజం రేటు ఎంతకు పోతదో లెక్కేసుకొని సంతోషపడాలె గానీ ఫుట్‌పాత్ గురించి ఏందన్నా. మధ్య సిటీల ఎకరం బిట్టు దొరుకుడే లేదు. యూడీఎస్ (భూమిల విడదీయని వాటా) మీద ముందే తీసుకుంటే మంచి రేటు వస్తది, కావాలంటే లోపల మెసేజ్ పెట్టండి

మోడరేటర్
ఆదివారం ఉదయం 9:05

స్క్వేర్_యార్డ్ గారూ, రెరా (ఇళ్ల ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) నంబరు లేని ప్రాజెక్టు అమ్మకాలు ఇక్కడ వద్దు. రిజిస్ట్రేషన్ కాకముందు ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం. ఈ ఊళ్లో ప్రీలాంచ్‌కి డబ్బు కట్టి ఏళ్లుగా తిరుగుతున్నవాళ్లు ఈ వేదికలోనే ఉన్నారు. ఇంకోసారైతే ఐడీ తీసేస్తాను.

బర్కత్‌పురా_పెద్దాయన
ఆదివారం ఉదయం 9:31

నా వయసు డెబ్బై నాలుగు. బషీర్‌బాగ్‌లో బాబూఖాన్ ఎస్టేట్ లేస్తుంటే జనం ఆగి తలెత్తి అంతస్తులు లెక్కపెట్టడం చూశాను. అంతకుముందు ఎమ్.జె. రోడ్డు గగన్ విహార్ అంటే గొప్ప. అప్పుడూ ఇవే మాటలు: నీళ్లు చాలవు, డ్రైనేజీ పొంగుతుంది. పొంగింది కూడా.

ఇప్పుడూ అదే అడుగుతున్నాను. మూడు సెల్లార్లు తవ్వితే ఆ ఊటనీళ్లను మోటార్లతో తోడి ఎక్కడ పోస్తారు? రోడ్డు మీదే పోస్తారు. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన ఎవరైనా మరిచారా? సెల్లార్‌లో పెట్టిన కార్లు బొమ్మ పడవల్లా తేలాయి.

ఇంకొకటి. బేగంపేటలో విమానాలు పూర్తిగా ఆగలేదు. 2008లో శంషాబాద్‌కు తరలించినా వీఐపీలవి, మిలిటరీవి అక్కడే దిగుతున్నాయి. 38 అంతస్తులకు ఎయిర్‌పోర్ట్ అథారిటీ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకున్నారో లేదో ముందు అది చూడండి. అది రాకపోతే మీ ఫుట్‌పాత్ గొడవ దానంతటదే తీరిపోతుంది.

సిమెంట్_బస్తా
ఆదివారం ఉదయం 11:18

సైట్ ఇంజనీర్‌ని. ఈ ప్రాజెక్టుతో నాకు సంబంధం లేదు, ముందే చెప్తున్నా.

పెద్దాయన గారు అన్నది నిజమే, ఎన్‌వోసీలో ఎంత ఎత్తు రాస్తే అంతే. రంగుల మ్యాప్ ఉంటుంది, ఏ రంగు గడిలో పడితే ఆ ఎత్తు. రేకు మీద 38 అని రాయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక గల్లీ_నడక గారి ప్రశ్న. మన ఊరి రూల్ మిగతా ఊళ్లకు తిరగేసినట్టు ఉంటుంది. ముంబైలో స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ లెక్క. అసలు ముంబైలో, అంటే ద్వీపం వైపు, మూల లెక్క 1.33. ఆపైన కావాలంటే డబ్బు కట్టి తెచ్చుకోవాలి. మన దగ్గర 2006 మార్చిలో జీవో 86తో ఆ లెక్కే తీసి అవతల పెట్టారు. 2012లో వచ్చిన జీవో 168ది కూడా అదే దారి. ఎంత ఎత్తు లేపవచ్చన్నది రెండు తేలుస్తాయి: ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ. ఆ పట్టిక మాకు కంఠతా. 21 మీటర్ల ఎత్తు వరకైతే 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ. 50 దాటితే 30 మీటర్ల రోడ్డు, చుట్టూ కనీసం 16. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకొంచెం.

మీ స్థలం ఉజ్జాయింపుగా 60 మీటర్లు, 70 మీటర్లు అనుకుందాం. నాలుగు వైపులా 16 తీసేస్తే మిగిలేది 28, 38. అంటే స్థలంలో నాలుగో వంతు మీదే టవరు. మిగతా మూడు వంతులు ఖాళీ. చూడండి ఎంత గాలి, ఎంత వెలుతురు అని బ్రోచర్‌లో రాసుకుంటారు. రూలు రాసినవాళ్ల ఉద్దేశం కూడా అదే, ఫైరింజన్ తిరగాలి, పక్కింటికి గాలి ఆడాలి.

ఆ మూడు వంతుల ఖాళీ ఎవరికి? చుట్టూ ఎనిమిదడుగుల గోడ కడతారు, పైన గాజుపెంకులో ముళ్లతీగో. లోపల కార్లు తిరిగే తారు రోడ్డు. మీ గల్లీ వైపు మిగిలేది గోడ. పట్టికలో ఎత్తు గురించి ఉంది, ఖాళీ గురించి ఉంది. ఆ ఖాళీ రోడ్డుతో ఎట్లా కలవాలన్నది ఆ పట్టికలో లేదు. మీరు అడిగిన "ఎవరు తేలుస్తారు" అన్నదానికి నా జవాబు అదే. వాచ్‌మన్ తేలుస్తాడు.

ఇరానీ_చాయ్
ఆదివారం ఉదయం 11:26

"వాచ్‌మన్ తేలుస్తాడు" 😂 భాయ్ ఈ మాట రాసి గోడకు అతికించాలె

గల్లీ_నడక
ఆదివారం మధ్యాహ్నం 12:02

బస్తా అన్నా, మరి 30 మీటర్ల రోడ్డు అన్నారు. అంటే దాదాపు వంద అడుగులు. మా రోడ్డు ఎక్కడ నిలబడి చూసినా వంద లేదు. ఒక బస్సు, ఒక ఆటో ఎదురైతే మూడోవాడు ఆగాల్సిందే.

సిమెంట్_బస్తా
ఆదివారం మధ్యాహ్నం 12:20

ఇప్పుడున్న వెడల్పు కాదన్నా, మాస్టర్ ప్లాన్‌లో అనుకున్న వెడల్పు చూస్తారు. ప్లాన్‌లో వంద ఉంటే బిల్డర్ తన ముందు పడిన పట్టీ జీహెచ్‌ఎంసీకి రాసిస్తాడు. బదులుగా టీడీఆర్ (వేరే చోట వాడుకోగల, అమ్ముకోగల నిర్మాణ హక్కు) గానీ సెట్‌బ్యాక్‌లో, అంటే చుట్టూ వదిలే ఖాళీలో, సడలింపు గానీ తీసుకుంటాడు. కాగితం మీద రోడ్డు వెడల్పైంది. నేల మీద అతని ముందు మాత్రం లోపలికి జరిగి, పక్కవాడి దగ్గర మళ్లీ ముందుకొస్తుంది. సిటీలో ఏ పెద్ద రోడ్డు మీదైనా చూడండి, పళ్లూడిన నోరులా ఉంటుంది. ఆ ఊడిన చోట మీరనుకున్నట్టు చెట్లు రావు. బైకులు వస్తాయి, డీసీఎం వ్యాన్లు వస్తాయి, కొన్నాళ్లకు అదే బిల్డింగు విజిటర్ పార్కింగ్ అయిపోతుంది.

లైబ్రరీ_పిల్ల
ఆదివారం మధ్యాహ్నం 3:47

నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదువుతుంటాను. ఖమ్మం దగ్గర ఊరు మాది. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ హాస్టల్‌లో ఉంటున్నా. రోజూ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పోయి రాత్రి నడిచే వస్తాను. మెట్రో ఒక్క స్టేషనే, దానికి టికెట్ ఎందుకని.

అన్నలందరూ వెడల్పు, ఎత్తు అంటున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు నడిచేవాళ్లకు వెడల్పు తర్వాతి సంగతి. నాకు రోడ్డు ఎట్లుంటదంటే, మొదట టిఫిన్ సెంటర్, తర్వాత జిరాక్స్, తర్వాత మందుల షాపు. ఈ మూడూ పదింటి దాకా తెరిచే ఉంటాయి. మందుల షాపు అంకుల్‌కి నా పేరు తెలియదు గానీ మొహం తెలుసు. మధ్యలో ఒక చోట ఏదో ఆఫీసు గోడ వస్తుంది, వంద అడుగులు ఉంటదేమో. అక్కడికి రాగానే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటా, ఎవరూ లైన్‌లో లేకపోయినా. నా రూమ్మేట్ అయితే రోడ్డు దాటి అటు పక్కకు పోతుంది.

ఆ బంగళా గోడ కూడా పెద్దదే. కానీ దాని ముందు చాయ్ బండి ఉండేది కాబట్టి నాకెప్పుడూ భయం కాలే. ఇప్పుడు అక్కడ టవర్ వచ్చి బండి పోతే, ఆఫీసు గోడ, టవర్ గోడ రెండూ కలిసి ఒకటే పొడుగు అయితయి. 38 అంతస్తుల్లో వందల మంది ఉంటారు, నిజమే. వాళ్లంతా పైన ఉంటారు.

గల్లీ_నడక
ఆదివారం సాయంత్రం 4:10

అమ్మా, నేను ఉదయం పోస్టు మొత్తం రాసినా చెప్పలేకపోయింది నువ్వు చెప్పావు.

డ్రాయింగ్_బోర్డు
ఆదివారం రాత్రి 7:55

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. లైబ్రరీ_పిల్ల చెప్పినదానికి ఈ ఊళ్లోనే ఒక పాత జవాబు ఉంది. ఎవరైనా ఈ వారం పత్తర్‌గట్టి పోయి రండి.

1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చి ఊరు సగం కొట్టుకుపోయాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టి రాతి దుకాణాలు ఆ బోర్డు పనే. చార్మినార్ వైపు పోతుంటే రెండు పక్కలా కమానులు, కమానుల కింద నడక, నడకను ఆనుకొని దుకాణం, దాని పైన అంతస్తు. బిల్డింగు రోడ్డుకు దూరంగా జరగలేదు, రోడ్డు మీదికే వచ్చి నీడ పట్టింది. వానొచ్చినా ఎండ కాసినా మనిషి ఆ కమానుల కిందే పోవచ్చు. ఇప్పుడు సరుకు బయటికి పరిచి సగం నడక మింగేశారు, అది వేరే సంగతి. గీసినవాడి చెయ్యి మాత్రం చూడండి.

మా సర్వీసు మొదట్లో కూడా ఆబిడ్స్‌లో, సుల్తాన్ బజార్‌లో ప్లాన్లు వస్తే మొదట గీసే గీత దుకాణం ముందు గీత. సెట్‌బ్యాక్ రూల్స్ గట్టిపడ్డాక మొదట గీసేది కాంపౌండ్ గోడ అయింది. నేనే వందలు గీశాను. ఆ గీత గీసేటప్పుడు గోడకు అవతల ఎవరు నడుస్తారని ఎప్పుడూ అనుకోలేదు. మా షీటు గోడతోనే అయిపోయేది.

టొరంటో_తెలుగు
సోమవారం ఉదయం 6:30

ఇక్కడ మా ఆఫీసు చుట్టూ అన్నీ టవర్లే, కాబట్టి నా రెండు మాటలు. టొరంటో 2013లో ఎత్తైన భవనాలకు మార్గదర్శకాలు పెట్టింది. వాటిలో నాకు నచ్చింది టవర్‌ని మూడు ముక్కలుగా చూడటం. కింద పీఠం, మధ్యలో టవరు, పైన శిఖరం, మన గుళ్లకు లాగే. పీఠం రోడ్డును ఆనుకొని ఉండాలి, నాలుగైదు అంతస్తులు, కింద దుకాణాలు. పైన టవరు మాత్రం సన్నగా, ఒక్కో అంతస్తు 750 చదరపు మీటర్లకు మించకుండా, టవర్‌కీ టవర్‌కీ మధ్య 25 మీటర్లు వదిలి. రోడ్డు మీద నడిచేవాడికి పీఠమే కనిపిస్తుంది, 50 అంతస్తుల సంగతి మెడ ఎత్తితేగానీ తెలియదు.

అన్నీ బాగున్నాయని కాదు. ఆ కింద దుకాణాల అద్దె చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని బ్యాంకు, మందుల గొలుసు దుకాణం, కాఫీ గొలుసు దుకాణం, మళ్లీ బ్యాంకు. అల్లం చాయ్ బండి లాంటిది ఉండే అవకాశమే లేదు. చలికాలంలో టవర్ల మొదట్లో గాలి పైనుంచి కిందికి దూకి మనిషిని తోసేస్తుంది, ఆ మూల దాటాలంటే వంగి నడవాలి.

సిమెంట్_బస్తా
సోమవారం ఉదయం 9:15

మన జీవోలో కూడా టవర్, పోడియం పద్ధతికి వీలుంది సార్. పోడియం అంటే మీరన్న పీఠమే, కానీ మన దగ్గర అది కార్ల గూడు. ఈ బొమ్మలో ఐదంతస్తుల పార్కింగ్ ఉంది చూశారుగా, అదే. మీరు నడిచేటప్పుడు కంటి ఎదురుగా ఉండేది ఇనుప జాలీ, జాలీ వెనక కార్ల వెనక లైట్లు. మెట్రోకి ఏడు నిమిషాల దూరంలో ఎనిమిది అంతస్తుల కార్లు! దీన్ని మెట్రో పక్కన అభివృద్ధి అని బ్రోచర్‌లో రాస్తారు, చూస్తూ ఉండండి.

కోకాపేట_నుంచి
సోమవారం ఉదయం 10:02

అందరూ టవర్‌ని తిట్టడమే గానీ ఇంకో వైపు చూడట్లేదు. నేను ఉండేది ఊరి చివర గేటెడ్‌లో. అక్కడ కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది, 100.75 కోట్లు. వంద అడుగుల రోడ్లున్నాయి, టవర్లున్నాయి, కొత్తిమీర కట్ట కావాలంటే యాప్‌లో ఆర్డర్ పెట్టాలి. మా నాన్నగారు ఊరి నుంచి వస్తే నాలుగో రోజుకి "నడిచి పోయే చోటేదీ లేదా ఇక్కడ" అని వెళ్లిపోతారు.

ఊరి మధ్యలో, మెట్రో పక్కన, లైబ్రరీ పక్కన, హాస్పిటల్ పక్కన రెండు వందల కుటుంబాలకు ఇళ్లు వస్తుంటే అదే మంచిది కాదా? అక్కడ కట్టనివ్వకపోతే ఆ రెండు వందల కుటుంబాలు మా వైపు వచ్చి, మళ్లీ రోజూ కార్లలో మీ రోడ్ల మీదికే వస్తారు. పాత ఊరి జ్ఞాపకాలు బాగుంటాయి. జ్ఞాపకాల్లో ఉండటానికి ఇల్లు దొరకదు.

బర్కత్‌పురా_పెద్దాయన
సోమవారం ఉదయం 10:40

మూడు కోట్లు పెట్టగలిగినవాడికి ఇల్లు దొరకట్లేదని కన్నీళ్లు పెట్టకండి బాబూ. ఆ లైబ్రరీ అమ్మాయికి దొరుకుతుందా ఆ టవర్‌లో?

కోకాపేట_నుంచి
సోమవారం ఉదయం 10:44

పెద్దవారు, ఏమీ అనలేను. కానీ మీ బర్కత్‌పురా ఇండిపెండెంట్ హౌస్ ఆ అమ్మాయికి అద్దెకిస్తారా?

మోడరేటర్
సోమవారం ఉదయం 10:50

ఇద్దరూ ఆపండి. ఇంటి మీదికి వెళ్లొద్దు.

డ్రాయింగ్_బోర్డు
సోమవారం ఉదయం 11:35

కోకాపేట ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది, దాన్ని కాదనలేం. జనం ఊరి మధ్య ఉండాల్సిందే. అందుకే నేను ఎత్తు గురించి మాట్లాడను. మొదటి పదిహేను అడుగుల గురించి మాట్లాడతాను. ఆ మెట్రో స్టేషన్ నుంచి దిగిన మనిషి టవర్‌లో ఇల్లున్నవాడైనా సరే, ఈ గోడ వెంట నడవలేక ఆటో ఎక్కితే, ఇక మెట్రో పక్కన కట్టి ఏం లాభం?

ఇరానీ_చాయ్
సోమవారం మధ్యాహ్నం 1:15

పొద్దుగాల ఆ బండి దగ్గర చాయ్ తాగిన. ఆయనది వికారాబాద్ దిక్కు. పన్నెండేండ్ల నుంచి అక్కడే. జీహెచ్‌ఎంసీ ఇచ్చిన వెండర్ కార్డు కూడా ఉంది, లామినేషన్ చేసి బండి లోపల అంటించిండు. టవర్ వస్తే ఏం చేస్తవ్ అని అడిగిన. "ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నన్ని దినాలు నాకేం గాదు సార్. దాని పక్కన ఎవ్వరూ దుకాణం పెట్టరు, కారు పెట్టరు, నన్ను లెవ్వుమనరు" అన్నడు.

2014 వీధి వ్యాపారుల చట్టం, టౌన్ వెండింగ్ కమిటీ అవన్నీ చెప్పబోయిన. నవ్విండు. ఆయన చట్టం ఆయనకుంది.

బెంగళూరు_రిటర్న్
సోమవారం రాత్రి 9:20

బెంగళూరులో టెండర్‌ష్యూర్ అని కొన్ని రోడ్లు చేశారు, రెసిడెన్సీ రోడ్ వైపు. కరెంటు, మంచినీళ్లు, డ్రైనేజీ, కేబుల్ అన్నీ ఫుట్‌పాత్ కింద గొట్టాల్లో వేసి, మళ్లీ మళ్లీ తవ్వే పని లేకుండా చేశారు. కార్ల దారి వెడల్పు ఒకేలా ఉంచి మిగిలిందంతా నడకకు ఇచ్చారు. మొదట్లో ట్రాఫిక్ ఆగిపోతుందని ఊరంతా తిట్టింది, నేనూ తిట్టాను. తర్వాత అమ్మను తీసుకెళ్తే ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. అప్పుడు నోరు మూసుకున్నాను.

కానీ అది ప్రభుత్వం డబ్బుతో చేసిన పని. ఒక్క బిల్డర్‌తో తన ముందున్న 60 మీటర్లు చేయిస్తే ఎంత ఉపయోగమో తెలియదు.

సిమెంట్_బస్తా
సోమవారం రాత్రి 10:05

60 మీటర్లైనా చేయించవచ్చు, ఏం అడగాలో తెలిస్తే. మేము సైట్‌లో చూసే సంగతులు చెప్తా.

అసలు తగాదా గేటు దగ్గర. ఫైరింజన్ తిరగాలని లోపల చుట్టూ 6 మీటర్ల దారి, మూలల్లో 9 మీటర్ల మలుపు వదులుతాం. అది లోపల. కానీ గేటు దగ్గర కూడా అదే మలుపు ఇచ్చి ఫుట్‌పాత్‌ని పదిహేను అడుగులు కోసి ర్యాంపు పోస్తారు. అప్పుడు కారు వేగం తగ్గకుండా లోపలికి దూసుకుపోతుంది, నడిచేవాడే దిగి, చూసుకొని, మళ్లీ ఎక్కాలి. దీన్ని తిరగేసి చేయాలి. ఫుట్‌పాత్ అదే ఎత్తులో గేటు ముందు నుంచి సాగిపోవాలి, కారే ఎక్కి దిగాలి. ఖర్చు దాదాపు ఏమీ తేడా లేదు. అడిగినవాడు లేడు, అంతే.

రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103 నంబరు పుస్తకం, 2012 కూర్పులో ఇలా ఉంది. నడవడానికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు, దుకాణాలున్న చోట 2.5. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. మన దగ్గర అంచు అడుగు ఎత్తు పోస్తారు, బైకులు ఎక్కకూడదని. బైకులు ఎక్కుతాయి, ముసలివాళ్లు ఎక్కరు.

రెండు గేట్లూ మెయిన్ రోడ్డు మీద కాకుండా ఒకటి గల్లీ వైపు పెడతారేమో చూడండి. పెడితే మీ గల్లీ పని అయిపోయినట్టే. గోడ బదులు కనీసం ఇనుప కమ్మీలు, వాటి వెనక వెలుగు ఉండే జాగా అడగండి. పోడియం కింది అంతస్తులో రోడ్డు వైపు పది అడుగుల లోతు దుకాణాలు నాలుగు అడగండి, బిల్డర్‌కీ అద్దె వస్తుంది కాబట్టి అది వింటాడు. ప్లాన్ మంజూరయ్యాక రెరా సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. కానీ అప్పటికి ఆలస్యమే, గీత గీయకముందే వినతిపత్రం ఇచ్చి చెప్పాలి.

డ్రాయింగ్_బోర్డు
సోమవారం రాత్రి 10:30

ఆ వినతిపత్రానికి బొమ్మ నేను గీసిస్తాను. ఈసారి గోడకు అవతలి నుంచి మొదలుపెడతా.

బెజవాడ_బందరురోడ్డు
మంగళవారం ఉదయం 7:10

మీకు కనీసం గొడవ పడటానికి ఫుట్‌పాత్ ఉందండీ. మా బీసెంట్ రోడ్డుకి వచ్చి చూడండి, అక్కడ మనిషి నడిచేది రోడ్డు మధ్యలోనే. ఒక రకంగా అదే నయం, కార్లే భయపడతాయి.

గల్లీ_నడక
ఆదివారం ఉదయం 9:48

పొద్దున ఏడింటికి నేను, బస్తా అన్న, డ్రాయింగ్_బోర్డు సార్, ఇరానీ_చాయ్ కలిశాం. పెద్దాయన గారు కూడా మడత కుర్చీతో వచ్చారు. టేపు పట్టుకొని రేకుల ముందు మొత్తం కొలిచాం.

ఫుట్‌పాత్ పేరుకు రెండు మీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ కంచె దగ్గర నడవడానికి మిగిలేది 70 సెంటీమీటర్లు. అందులో చాయ్ బండి చక్రం ఒకటి. మూలన ఉన్న టెలిఫోన్ డబ్బా ఎవరిదో ఎవరికీ తెలియదు, తలుపు ఊడి లోపల కోడి గుడ్ల అట్టలు ఉన్నాయి. అంచు ఎత్తు 28 సెంటీమీటర్లు, పెద్దాయన గారు ఎక్కలేక నా భుజం పట్టుకున్నారు. కొలుస్తుంటే వాచ్‌మన్ వచ్చి "మీరు జీహెచ్‌ఎంసీనా" అని అడిగాడు. కాదన్నాం. "మరి ఎందుకు కొలుస్తున్నారు" అన్నాడు. దానికి మా ఐదుగురి దగ్గరా చప్పున జవాబు లేదు.

డ్రాయింగ్_బోర్డు సార్ అక్కడే కాగితం మీద గీశారు. ముందు నడిచేవాళ్లు, తర్వాత చాయ్ బండికి జాగా, తర్వాత చెట్టు, తర్వాత కమ్మీలు. టవర్‌ని కాగితం చివర ఒక్క గీతగా పెట్టారు. దాన్ని వినతితో జత చేసి ఒక కాపీ సైట్ ఆఫీసులో ఇచ్చాం, జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో రేపు ఇస్తాం. సైట్ ఆఫీసులో ఉన్న కుర్రాడు మర్యాదగా తీసుకున్నాడు, గేటు సంగతి "పైవాళ్లకి చెప్తా" అన్నాడు.

కోకాపేట_నుంచి
ఆదివారం ఉదయం 10:20

ఆ బొమ్మ ఇక్కడ పెట్టండి. మా గేటెడ్ అసోసియేషన్‌కి కూడా చూపిస్తాను, మా ముందు ఫుట్‌పాత్ కూడా అంతే అధ్వాన్నం. పెద్దాయన గారూ, మొన్నటి మాటకు మన్నించండి.

బర్కత్‌పురా_పెద్దాయన
ఆదివారం ఉదయం 11:00

మన్నించాను. పై గది ఖాళీగానే ఉంది, ఆ అమ్మాయి అడిగితే చూస్తా. బాత్రూమ్ కుళాయి బాగు చేయించాలి.

గల్లీ_నడక
మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 8:36

అడిగినవాళ్లందరికీ కలిపి చెప్తున్నా. సర్కిల్ ఆఫీసులో మన కాగితానికి నంబరు పడింది, అంతవరకే. గల్లీ వైపు గేటు ఉండదని సైట్ కుర్రాడు నోటిమాటగా చెప్పాడు, రాసివ్వమంటే నవ్వాడు. దుకాణాల మాట ఎత్తలేదు. గోడకు పునాది ఇంకా తీయలేదు కాబట్టి కమ్మీల మీద ఆశ ఉంది.

ఒక్క పని మాత్రం చకచకా అయింది. ట్రాన్స్‌ఫార్మర్ జరిపారు. బొమ్మలో లాగే ఇప్పుడక్కడ లేదు. రోడ్డుకు అటువైపు, మందుల షాపుకు నాలుగడుగుల అవతల ఫుట్‌పాత్ మీద పెట్టారు. టేపు తీసుకెళ్లాను. 60 సెంటీమీటర్లు మిగిలింది, ముందున్నదాని కంటే పది తక్కువ.

లైబ్రరీ_పిల్ల
శుక్రవారం రాత్రి 10:11

ఇప్పుడే ఆ దారిన వచ్చా అన్నా. చాయ్ బండి కూడా దాని వెనకాలే అటు వచ్చేసింది.